చెవి అచ్చు విలువ ఎంత: ఒక సంవాదం

చెవి రంధ్రంలో అమర్చుకుని వినే ఇయర్‌ఫోన్లు రెండు రకాలు. చెవి లోపలి ఆకారానికి సిలికాన్‌తో అచ్చు తీసి, ఆ అచ్చు ప్రకారం ఒకే ఒక్క మనిషి కోసం తయారు చేసేవి కస్టమ్ ఇయర్‌ఫోన్లు. చిన్నా పెద్దా టిప్పులతో పెట్టెలో వచ్చి, ఎవరి చెవికి ఏ టిప్పు సరిపోతే దానితో వాడుకునేవి యూనివర్సల్ ఇయర్‌ఫోన్లు, వాడుకమాటలో రెడీమేడ్‌వి. పేరున్న విదేశీ కంపెనీల కస్టమ్ జత ధర కొన్ని వందల డాలర్ల దగ్గర మొదలై రెండు వేల డాలర్లు దాటిపోతుండగా, చెప్పుకోదగ్గ రెడీమేడ్ జత ఇరవై డాలర్లకే దొరుకుతున్నది. ఇంత అంతరం ఉన్నప్పుడు, పెట్టిన అదనపు సొమ్ము నాదంలోకి పోతున్నదా, చెవి సుఖంలోకి పోతున్నదా, లేక పేరులోకే పోతున్నదా అని అడగటం న్యాయమే.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరిలో ఈ ప్రశ్న పట్టేది ముఖ్యంగా ఇద్దరికి. ఒకరు పెళ్లి ఆర్కెస్ట్రాల నుంచి, 2024 నవంబరులో హనుమకొండలో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం వంటి పెద్ద వేదికల దాకా పాడేవారు, వాయించేవారు. రెండోవారు కాజీపేట జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా 132 కిలోమీటర్లు రైలులో పోయివచ్చే ఉద్యోగులు, విద్యార్థులు. ఈ సంవాదంలో కస్టమ్ పక్షం వహించేవాడు ఫంక్షన్ హాళ్లలో కీబోర్డు వాయిస్తూ తోటివారికి వేదిక మీద వినపడే మానిటర్ మిక్స్ కూడా చూసుకునే వాద్యకారుడు. రెడీమేడ్ పక్షం వహించేది హనుమకొండలో వినికిడి పరీక్షలు చేసి, వినికిడి యంత్రాలకు చెవి అచ్చులు తీసే ఆడియాలజిస్టు. అచ్చు తీయటమే వృత్తిగా ఉన్నామె అచ్చుకు ఎదురు నిలవటం విచిత్రంగా కనిపించవచ్చు గానీ, అచ్చు ఎక్కడ చెడుతుందో అందరికంటే ముందు తెలిసేది అది తీసిన చేతికే.

వాద్యకారుడు: వేదిక మీద వినే ధ్వనికీ ఇంట్లో వినే పాటకూ పోలిక లేదక్కా. వెనుక డ్రమ్స్, పక్కన ప్యాడ్స్, ఎదురుగా జనం మీదికి తిప్పిన పెద్ద బాక్సులు మోగుతుండగా, పాడే మనిషికి తన గొంతు తనకు వినపడాలంటే ఒకప్పుడు కాళ్ల దగ్గర ఏటవాలుగా పెట్టే మానిటర్ బాక్సే దిక్కు. ఆ బాక్సు ధ్వని మైకులోకి దూరి, మైకు నుంచి మళ్లీ బాక్సులోకి పోయి, హాలంతా అదిరేలా కూత పెడుతుంది. కూత రాకుండా తగ్గిస్తే గొంతు వినపడదు, గొంతు వినపడకపోతే శ్రుతి జారుతుంది. ఆ బాక్సు చేసే పనిని చెవిలోకే తెచ్చినవి ఇన్-ఇయర్ మానిటర్లు. 1995లో అమెరికాలో వాన్ హేలెన్ బృందానికి సౌండ్ ఇంజనీరుగా ఉన్న జెర్రీ హార్వీ, ఆ బృందం డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ చెవి కొలతకు ఒక జత చేసి ఇచ్చాడు. అల్టిమేట్ ఇయర్స్ అనే కంపెనీ పుట్టింది ఆ పనిలోంచే. వేదిక అవసరం నుంచి పుట్టిన వస్తువుకు చెవి అచ్చు మొదటినుంచీ ఉన్న అంగం. రెడీమేడ్‌వి దాని చౌక నకళ్లు.

ఆడియాలజిస్టు: పుట్టుక లెక్కే తీస్తే వరుస తారుమారవుతుంది తమ్మీ. అంతకు నాలుగేళ్ల ముందే, 1991లో, వినికిడి శాస్త్రంలో పేరున్న మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ రీసెర్చ్ అనే కంపెనీ ఈఆర్-4 అనే ఇయర్‌ఫోన్‌ను అమ్మకానికి తెచ్చింది. అది ఏ ఒక్కరి అచ్చుకూ చేసినది కాదు. ఒకదాని వెనుక ఒకటిగా మూడు రబ్బరు అంచులున్న టిప్పుతో ఎవరి చెవిలోకైనా లోతుగా దిగుతుంది. బయటి శబ్దాన్ని ఎంత ఆపుతుందన్నది డెసిబెళ్లలో చెబుతారు కదా. డెసిబెల్ అంటే ధ్వని మట్టానికి కొలమానం, ప్రతి పది డెసిబెళ్లకూ ధ్వనిశక్తి పదింతలు మారుతుంది. ఈఆర్-4 ఆపే శబ్దం 35 నుంచి 42 డెసిబెళ్లని దాని తయారీదారు లెక్క; పేరెన్నికగన్న అక్రిలిక్ కస్టమ్‌లు ఆపేది 26 డెసిబెళ్ల దాకానని వాటి తయారీదారులే రాసుకుంటారు. తయారీదారుల అంకెలను పూర్తిగా నమ్మనవసరం లేదు గానీ, తమ సరుకును తక్కువ చేసి రాసుకునేవారు మాత్రం ఉండరు.

వాద్యకారుడు: అచ్చుగా కుదిరిన వస్తువు తక్కువ ఆపటం, అందరికీ ఒకేలా చేసినది ఎక్కువ ఆపటం ఎలా పొసగుతుంది?

ఆడియాలజిస్టు: చెవి నాళం నేరుగా ఉండే గొట్టం కాదు. పెద్దవారిలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుతో, రెండు వంకరలు తిరిగి కర్ణభేరి దాకా పోతుంది. బయటి మూడో వంతు మృదులాస్థి, అంటే వంగే మెత్తటి ఎముక. లోపలి రెండు వంతులు గట్టి ఎముక మీద పలుచటి చర్మం. అక్రిలిక్ గట్టి పదార్థం కనుక దాన్ని ఎముక భాగంలోకి లోతుగా దింపితే నొప్పి పుడుతుంది. అందుకని చాలా కస్టమ్ కొసలు రెండో వంకర దగ్గరే ఆగిపోతాయి. నొక్కి పెడితే లోపల ఉబ్బే ఫోమ్ టిప్పు గానీ, మెత్తటి రబ్బరు అంచులు గానీ నాళం గోడను వదలకుండా ఒత్తుకుంటాయి. అచ్చు చెవి బయటి గిన్నెనంతా నింపి చూడటానికి నిండుగా కనిపిస్తుంది; శబ్దాన్ని ఆపే పని మాత్రం లోపలి కొన్ని మిల్లీమీటర్లదే.

వాద్యకారుడు: ప్రయోగశాలలో ఆ అంకెలు నిలుస్తాయి గానీ, మూడు అంచుల టిప్పును లోతుగా దింపుకుని బారాత్ మొదలైన దగ్గర నుంచి అప్పగింతల దాకా కూర్చోగలిగేవారు ఎందరు? ఎండాకాలం పెళ్లిళ్లలో చెమట పట్టి టిప్పు జారుతుంది. తల తిప్పితే ఒక పక్క వదులవుతుంది. వదులైన క్షణంలో బేస్ మాయమవుతుంది, పాట మధ్యలో చేయి కీబోర్డు వదిలి చెవి దగ్గరికి పోతుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒకే జత, ఒకే మిక్సర్, ఒకే పాట. ఒకరోజు తాళాల ధ్వని ఇంపుగా ఉంటుంది, మరొకరోజు సూదిలా గుచ్చుతుంది. కస్టమ్ వాడేవారి దగ్గర ఈ ఫిర్యాదు రాదు. దీనికి రెడీమేడ్ పక్షం ఇచ్చే జవాబు ఏమిటి?

ఆడియాలజిస్టు: జవాబు లేదు, ఉన్నది ఒప్పుకోవటమే, ఎందుకంటే కస్టమ్ వైపు ఉన్న గట్టి వాదం ఇదే. ఇయర్‌ఫోన్ కొసకూ కర్ణభేరికీ మధ్య మిగిలే గాలి గది ఒక చిన్న గొట్టంలా ప్రవర్తిస్తుంది, ప్రతి గొట్టానికీ దాని పొడవును బట్టి ఒక సొంత స్వరం ఉంటుంది. ఆ స్వరం దగ్గర ధ్వని తనంతట తాను ఉబ్బుతుంది. దీన్నే అనునాదం అంటారు. మామూలు లోతులో ఆ ఉబ్బు సెకనుకు ఎనిమిది వేల కంపనాల చుట్టుపక్కల, అంటే 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో వస్తుంది. తాళాల మెరుపు, "స", "ష" వంటి ఊష్మాల పదును వినపడేది ఆ ప్రాంతంలోనే. టిప్పు లోతుకు పోతే గొట్టం పొట్టిదై ఉబ్బు పైకి జరుగుతుంది, పైపైన పెడితే కిందికి జరుగుతుంది. టిప్పును ప్రతిసారీ ఒకే లోతున పెట్టటం మనిషి చేతిలో లేని పని కనుక, రెడీమేడ్ జత నాదం రోజుకొక తీరుగా ఉందనటం చెవి భ్రమ కాదు. కస్టమ్ ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంది. అయితే ప్రతిసారీ ఒకేలా ఉంటుందన్నంత మాత్రాన ప్రతిసారీ సరిగ్గా ఉంటుందని అర్థం కాదు. అచ్చు తప్పుగా వస్తే ఆ తప్పు కూడా ప్రతిసారీ ఒకేలా ఉంటుంది.

వాద్యకారుడు: అచ్చు తప్పటమనేది తీసే చేతి లోపమే తప్ప వస్తువు లోపం కాదు కదా.

ఇక్కడ ఆడియాలజిస్టు అచ్చు తీసే పద్ధతిని వరుసగా వివరించటం మొదలుపెట్టింది. సంవాదానికి ఇది కాస్త పక్కదారి అనిపించినా, ధర గురించిన తగాదా అంతా చివరికి ఈ కొద్ది నిమిషాల పని చుట్టూనే తిరుగుతుంది కనుక దాన్ని సంగ్రహించటం కుదరదు.

ఆడియాలజిస్టు: ముందు ఆటోస్కోపుతో, అంటే చిన్న దీపం, భూతద్దం ఉన్న గొట్టంతో, చెవి లోపల చూడాలి. గుబిలి పేరుకుని ఉంటే తీసేదాకా అచ్చు ఆపాలి. కర్ణభేరికి చిల్లు ఉన్నా, చెవికి పూర్వం శస్త్రచికిత్స జరిగి ఉన్నా ఈఎన్‌టీ వైద్యుడు చూడకుండా ముందుకు పోకూడదు. ఆ తరువాత దారం కట్టిన చిన్న ఫోమ్ ముక్కను సన్నని దీపపు పుల్లతో రెండో వంకర దాటేదాకా నెట్టాలి. సిలికాన్ కర్ణభేరి మీదికి పోకుండా అడ్డుకునేది ఆ ముక్కే. రెండు పాళ్ల సిలికాన్‌ను కలిపి సిరంజిలో నింపి, సిరంజి కొస సిలికాన్‌లోనే మునిగి ఉండేలా మెల్లగా వెనక్కు తీస్తూ నింపాలి. కొస పైకి తేలితే గాలి బుడగ చిక్కి అచ్చులో గుంట పడుతుంది. అయిదు నిమిషాలు ఆగి, పైఅంచు విడదీసి, ముందుకు తిప్పుతూ బయటికి లాగాలి. ఇదంతా చేయి తిరిగినవారికి కష్టం కాదు. కష్టమంతా ఆ అయిదు నిమిషాలు నోరు ఎలా ఉండాలన్న దగ్గర వస్తుంది. దవడ కీలు చెవి నాళం ముందుగోడకు ఆనుకునే ఉంటుంది. నోరు తెరిస్తే కీలు ముందుకు జరిగి నాళం వెడల్పవుతుంది, మూస్తే ఇరుకవుతుంది. వినికిడి యంత్రానికి అచ్చు తీసేటప్పుడు రోగి ఊరికే కూర్చుంటే చాలా సందర్భాల్లో పని జరుగుతుంది. ఆ అలవాటుతోనే గాయకుడికి నోరు మూయించి అచ్చు తీస్తే, ఇంట్లో పెట్టుకున్నప్పుడు బ్రహ్మాండంగా కుదిరిన జత, వేదికెక్కి "ఆ" అని సాగదీసి ఆలాపన అందుకోగానే గాలి వదిలేస్తుంది.

వాద్యకారుడు: అందుకే పళ్ల మధ్య దిమ్మ పెట్టి తీయమని కంపెనీలే చెబుతాయి.

ఆడియాలజిస్టు: చెబుతాయి, ఆ సూచన పత్రం అచ్చు తీసే గదిదాకా వస్తుందన్న నమ్మకమే లేదు. పైగా దిమ్మ పెట్టి తీసిన అచ్చు, నోరు మూసినప్పుడు బిగుతుగా ఒత్తుతుంది; నాలుగు గంటల కచేరీకి అది ఓర్చుకోదగ్గదే, రైలులో రోజూ వినేవారికి మాత్రం పనికిమాలిన బాధ. మృదులాస్థి దగ్గరే ఆగిపోయిన గట్టి అచ్చుతో ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. చెవిని మూసి పాడితే, ఎముక ద్వారా వచ్చిన సొంత గొంతు బయటికి పోయే దారి లేక లోపలే గుమ్మంటూ మోగుతుంది; కింది స్వరాల్లో ఈ ఉబ్బు ఇరవై డెసిబెళ్ల దాకా పోగలదు. నాళం ఎముక భాగాన్ని లోతుగా మూస్తే ఇది తగ్గుతుంది. గాయకులు కస్టమ్ పెట్టుకున్న మొదటి రోజున "బావిలోంచి పాడినట్టుంది" అనటంలో వింత లేదు.

వాద్యకారుడు: కుదురు సంగతి పక్కన పెట్టి నాదానికే వద్దామక్కా. ధ్వనిని పుట్టించే చిన్న యంత్రాన్ని డ్రైవర్ అంటారు. రెండు వేల రూపాయల రెడీమేడ్ జతలో చెవికి ఒకే డ్రైవర్ ఉంటుంది. పెద్ద కస్టమ్‌లో బేస్‌కు వేరు, గొంతుకు వేరు, తాళాలకు వేరు డ్రైవర్లుంటాయి, వాటి మధ్య ధ్వనిని పంచే క్రాస్‌ఓవర్ వలయం ఉంటుంది. పది మంది చేసే పనిని ఒక్కడే చేస్తానంటే ఎలా నమ్మటం?

ఆడియాలజిస్టు: ఆ పది మందిలో చాలామంది వినికిడి యంత్రాల నుంచి వచ్చినవారే కనుక వారి గుణదోషాలు ఈ వృత్తిలో బాగా తెలుసు. బ్యాలెన్స్‌డ్ ఆర్మెచర్ అంటే, అయస్కాంతాల మధ్య ఊగే సన్నని లోహపు నాలుక ఒక పొరను కదిలించే రకం డ్రైవర్; అది చాలా చిన్నది, తక్కువ విద్యుత్తుతో పనిచేస్తుంది, కానీ ఒక్కటే అన్ని స్వరాలనూ పలకటం కష్టం కనుక గుంపుగా వాడవలసి వస్తుంది. అంటే సంఖ్య ఆ రకానికి ఉన్న పరిమితి వల్ల వచ్చింది, దాన్ని గొప్పగా చెప్పటం వ్యాపారం. తీగచుట్ట ఉన్న ఒక్క డైనమిక్ డ్రైవర్ శ్రవణ పరిధినంతా పలకగలదు. ఇంకొక సంగతి: ఆర్మెచర్లు, వాటి క్రాస్‌ఓవరు కలిసి విద్యుత్తుకు చూపే నిరోధం స్వరాన్ని బట్టి మారుతుంది, నడుముకు కట్టుకునే చౌకరకం హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌కు సొంత నిరోధం ఎక్కువగా ఉంటే, జత నాదమే మారిపోతుంది. లక్ష రూపాయల కస్టమ్‌ను మూడు వేల రూపాయల ఆంప్‌కు తగిలించి, కంపెనీ ఉద్దేశించిన నాదం వింటున్నామనుకునేవారు తక్కువేమీ కాదు.

వాద్యకారుడు: అది వాడేవారి పొరపాటు. ధరకూ నాదానికీ సంబంధమే లేదని మాత్రం అనలేరు.

ఆడియాలజిస్టు: అన్నవారున్నారు, కొలిచి మరీ అన్నారు. జెరోన్ బ్రేబార్ట్ 2017లో ప్రచురించిన పరిశోధనలో 283 హెడ్‌ఫోన్ల ధ్వని ప్రతిస్పందనను, అంటే ఏ స్వరాన్ని ఎంత గట్టిగా పలుకుతాయన్న రేఖను, వాటి ధరలతో పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్ బృందం చేసిన ప్రయోగాలు ఇంకా ఆసక్తికరమైనవి. ఒకే మంచి ఇయర్‌ఫోన్‌ను వినేవారి చెవిలో పెట్టి, ఈక్వలైజర్‌తో దాని రేఖను మార్చుతూ రకరకాల ఇయర్‌ఫోన్ల నాదాన్ని అందులోనే అనుకరించి, పేరూ ధరా ఆకారమూ తెలియకుండా వినిపించి ఇష్టాయిష్టాలు నమోదు చేశారు. వాటి నుంచి ఎక్కువమంది మెచ్చే ఒక రేఖ తేలింది. ఆ రేఖ ప్రకటితమయ్యాక దాన్ని అందుకోవటానికి డ్రైవర్ల గుంపు అవసరం లేదని చైనా తయారీదారులు గ్రహించారు. 2022లో మూన్‌డ్రాప్ చూ, సెవెన్ హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో వంటి జతలు ఇరవై డాలర్ల ధరకే దానికి దగ్గరగా వచ్చాయి.

వాద్యకారుడు: ఎక్కువమంది మెచ్చేది అందరి చెవికీ నచ్చాలని లేదు కదా. ఒక్కొక్కరి చెవి ఒక్కొక్క తీరు. అందుకే ఒక్కొక్కరికి వేరుగా చేయించటం.

ఆడియాలజిస్టు: ఇక్కడే అసలు మెలిక ఉంది తమ్మీ, చాలామంది కొనేవారు గమనించనిది కూడా ఇదే. తెరిచి ఉన్న చెవిలో బయటి గిన్నె, నాళం కలిసి 3 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వనిని పదిహేను డెసిబెళ్ల దాకా పెంచుతాయి. మెదడు పుట్టినప్పటినుంచీ ఆ పెంపుకు అలవాటు పడి ఉంటుంది. ఇయర్‌ఫోన్ చెవిని మూసేయటంతో ఆ పెంపు పోతుంది, కనుక తయారీదారు దాన్ని తన నాదంలోనే కలిపి ఇవ్వాలి. ఆ పెంపు ఎంత, సరిగ్గా ఎక్కడ అన్నది మనిషి మనిషికీ మారుతుంది. మరి కస్టమ్ కంపెనీ కొనేవారి చెవిలో ఆ పెంపును కొలిచి నాదాన్ని దిద్దుతుందా? మామూలుగా దిద్దదు. ఒక మోడల్‌కు ఒకే క్రాస్‌ఓవర్, ఒకే ట్యూనింగ్. అది కూడా సగటు మనిషి చెవిని అనుకరించే లోహపు పరికరం మీద, రెడీమేడ్‌వాటిని కొలిచే ప్రమాణంతోనే, సరిచూసినది. అచ్చుకు మారేది పెంకు ఆకారం, లోపలి గొట్టాల పొడవు కాస్త. కొన్నవారు తమ చెవికి నాదం కుట్టించుకున్నామనుకుంటారు; కుట్టించుకున్నది పెంకును.

వాద్యకారుడు: సరే, నాదం సొంతం కాదనుకుందాం. వేదిక మీద పనిచేసేవారు కస్టమ్ కొనేది తియ్యదనానికి కాదు, పని ఆగకూడదని. రిసెప్షన్‌లో వధూవరులు వేదికెక్కే క్షణంలో టిప్పు ఊడి ప్యాడ్స్ మీద పడితే దాన్ని వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు. మెత్తగా చెవి గిన్నెలో కూర్చుని, వైరు చెవి వెనుకగా పోయి, తల ఊపినా కదలని వస్తువుకు విలువ కట్టాల్సింది ప్రయోగశాల రేఖలతో కాదు. నాదం ఎక్కడ తక్కువైతే అక్కడ మిక్సర్ మీద దిద్దుకోవచ్చు. ఊడిపోయే టిప్పును మిక్సర్ దిద్దలేదు.

ఈ మాటకు నేరుగా ఎదురు చెప్పటం కుదరదు. వేదిక వృత్తిలో కస్టమ్‌కు అనుకూలంగా వినవచ్చే వాదాల్లో నాదం గురించి చెప్పేవి తరచూ బలహీనమైనవి, నిలకడ గురించి చెప్పేవి బలమైనవి. అమ్మేవారి ప్రకటనలు మాత్రం బలహీనమైన వాదాన్నే ముందు పెట్టటం ఈ వ్యాపారంలోని వింత. ఆడియాలజిస్టు కూడా దాన్ని ఖండించక, ఖర్చు వైపు మళ్లింది.

ఆడియాలజిస్టు: నిలకడకు ధర కట్టేటప్పుడు కొన్ననాటి ధర ఒక్కటే లెక్క కాదు. అచ్చు ఇక్కడ తీస్తే పెంకు విదేశంలో తయారవుతుంది. వచ్చేటప్పుడు దిగుమతి సుంకం, 18 శాతం జీఎస్టీ పడతాయి. వినికిడి యంత్రానికి జీఎస్టీ లేదు గానీ ఇదే అచ్చుతో పాటలు వింటే ఉంటుంది. కుదరకపోతే నెలరోజుల్లోపు చెబితే ఉచితంగా సరిచేస్తామని చాలా కంపెనీలు అంటాయి. ఆ నెలలో కొరియర్‌లో పోయి వచ్చే వారాలు, పెళ్లిళ్ల ముహూర్తాలు కూడా కలిసే ఉంటాయి. ఒళ్లు బాగా పెరిగినా తగ్గినా, కొన్నేళ్లు గడిచినా నాళం ఆకారం మారుతుంది, మళ్లీ పెంకు చేయించాలి. ఎదిగే పిల్లల చెవి అచ్చులు కొన్ని నెలలకే మార్చాల్సి రావటం చూసేవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. పోనీ అమ్మేద్దామంటే, ఒకరి చెవికి చేసినది ఇంకొకరు కొనరు. షూర్ కంపెనీ ఎస్ఈ215 వంటి రెడీమేడ్ జత సుమారు వంద డాలర్ల ధరతో ఏళ్ల తరబడి వేదికల మీద నడుస్తున్నది. వైరు తెగితే వైరు మార్చవచ్చు, జత పోతే ఇంకొక జత సంచిలో ఉంచుకోవచ్చు. కస్టమ్‌కు రెండో జత ఉంచుకునే స్తోమత ఎందరికి?

వాద్యకారుడు: రైలులో పోయేవారికి కస్టమ్ దండగ అన్న మాటతో పేచీ లేదు.

ఆడియాలజిస్టు: దండగ ఒక్కటే కాదు, తప్పు మందు కూడా. బోగీలో వినపడేది ప్రధానంగా చక్రాల, పట్టాల మంద్ర ఘోష. ఏ అడ్డూ మంద్ర ధ్వనిని అంత తేలికగా ఆపదు. మైకుతో బయటి శబ్దాన్ని పసిగట్టి, దానికి తలకిందులైన తరంగాన్ని చెవిలో పుట్టించి రద్దు చేసే నాయిస్ క్యాన్సిలింగ్ పద్ధతి సరిగ్గా ఒక కిలోహెర్ట్జ్‌కు దిగువ ఉండే ఆ ఘోష మీదే బాగా పనిచేస్తుంది. ఆ పద్ధతి రెడీమేడ్ బడ్స్‌లో తక్కువ ధరకే దొరుకుతున్నది. జనగామలో ఎవరైనా పలకరిస్తే ఒక మీట నొక్కి బయటి మాట వినవచ్చు.

వాద్యకారుడు: కానీ వేదిక మీద చెవి ఆరోగ్యం సంగతి వేరు. వారానికి 40 గంటల పాటు 80 డెసిబెళ్లు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. ప్రతి మూడు డెసిబెళ్ల పెంపుకు ఆ గంటలు సగమవుతాయి. ఆ లెక్కన 92 డెసిబెళ్ల దగ్గర వారమంతటికీ మిగిలేది రెండున్నర గంటలు. ఒక్క సంగీత్ రాత్రికే అది ఖర్చు. బయటి మోత ఎంత ఆగితే చెవిలో వాల్యూమ్ అంత తగ్గించుకోవచ్చు. ఇరవై ఏళ్లు వాయించాలనుకునేవారికి ఆ తగ్గింపే కస్టమ్ ధరను తీరుస్తుంది.

ఆడియాలజిస్టు: తగ్గించుకుంటే తీరుస్తుంది. వేదికల మీద కనిపించేది మాత్రం వేరు. జనం చప్పట్లు వినపడటం లేదనో, పక్కవాడి సైగ అర్థం కావటం లేదనో ఒక చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి భుజం మీద వేలాడేస్తారు. తెరిచిన చెవిలోకి డ్రమ్స్ మోత పూర్తిగా వస్తుంది. దాన్ని మించి వినటానికి రెండో చెవిలో వాల్యూమ్ పెంచుతారు. అప్పుడు రెండు చెవులకూ నష్టమే, జత ధర ఎంతైనా. జనం వైపు ఒక మైకు పెట్టి ఆ ధ్వనిని కొద్దిగా మిక్స్‌లో కలిపితే ఈ అవస్థ ఉండదు. అది జతకు కాదు, మిక్స్ చేసే మనిషికి సంబంధించిన పని.

వాద్యకారుడు: మరి అసలు కస్టమ్ ఎవరికి కావాలంటారు? అందరినీ వెనక్కు పంపేస్తే అచ్చు తీసే గది మూసుకోవాల్సిందే.

ఆడియాలజిస్టు: నాళం మరీ ఇరుకై, వంకర ఎక్కువై, ఏ టిప్పూ పది నిమిషాలు నిలవనివారున్నారు, కుడి చెవికి ఒక కొలత, ఎడమ చెవికి ఇంకొక కొలత ఉన్నవారున్నారు. వారికి రెడీమేడ్ ఎంత మంచి రేఖ చూపినా బేస్ కారిపోతూనే ఉంటుంది కనుక అచ్చు అవసరమే. వారికి కూడా మొదట చెప్పేది పూర్తి కస్టమ్ కాదు, కస్టమ్ టిప్పు: అంటే ఉన్న రెడీమేడ్ జత ముక్కుకు తొడుక్కునేలా మెత్తటి సిలికాన్‌తో చెవి అచ్చుకు చేసే తొడుగు. వినికిడి యంత్రాల అచ్చులు చేసే ల్యాబులకు ఇది కొత్త విద్య కాదు. నిలకడ వస్తుంది, లోతు ప్రతిసారీ ఒకటే అవుతుంది. జత పాడైతే టిప్పు మిగులుతుంది, చెవి మారితే టిప్పు ఒక్కటే మారుతుంది.

వాద్యకారుడు: టిప్పు గొట్టం పొడవు పెరిగి, దారి సన్నబడితే తాళాల మెరుపు తగ్గుతుంది, రెడీమేడ్ జతకు కంపెనీ ఇచ్చిన ట్యూనింగ్ అప్పుడు నిలవదు.

ఆడియాలజిస్టు: నిజమే, కొంత తగ్గుతుంది. దారి వీలైనంత వెడల్పుగా, పొట్టిగా ఉంచమని ల్యాబుకు రాయాలి. రాయకపోతే వారు వినికిడి యంత్రానికి వాడే సన్న గొట్టపు కొలతే పెడతారు.

వాద్యకారుడు: పూర్తి కస్టమ్ కావాలనే గాయకురాలు వచ్చి కూర్చుంటే?

ఆడియాలజిస్టు: వద్దని తిప్పి పంపే హక్కు ఎవరికీ లేదు. ముందు ఆ మోడల్‌నే టిప్పులతో వినే డెమో జత ఎక్కడైనా దొరికితే విని రమ్మనాలి, నాదం నచ్చకపోతే అచ్చు దాన్ని నచ్చేలా చేయదు కనుక. అచ్చు తీసేటప్పుడు దిమ్మ పెట్టుకుని తీసినది ఒకటి, పాడే తీరున దవడ కదిలిస్తూ తీసినది ఒకటి, రెండూ పంపాలి. సిలికాన్ అచ్చు కాలంతో కుంచించుకుపోతుంది కనుక దాన్ని వెంటనే స్కాన్ చేయించి, ఆ ఫైలు ప్రతిని ఆమె చేతికి ఇవ్వాలి. తరువాత కుదురు చెడితే కంపెనీ అచ్చును తప్పుపడుతుంది, అచ్చు తీసినవారు కంపెనీని తప్పుపడతారు. ఫైలు ఆమె దగ్గర ఉంటే తప్పెవరిదో తేల్చవచ్చు, వేరే కంపెనీకి పంపి మళ్లీ చేయించుకోవచ్చు.

వాద్యకారుడు: ఆ ఫైలు అడిగితే ఇచ్చేవారు ఎందరున్నారక్కా?

ఆడియాలజిస్టు: డబ్బు కట్టకముందు అడిగితే ఇస్తారు. కట్టాక అడిగితే, సర్వర్‌లో ఉందమ్మా, తరువాత చూద్దాం అంటారు.